విప్పిన బండి కదలదు

మా గూడుబండిని చూసినవాళ్ళు అది బండో ఇల్లో తేల్చుకోలేకపోయేవారు. వెదురు బద్దల గూడు, దానిమీద తాటాకు కప్పు, లోపల ఉప్పు బస్తాలు, ఎండుచేపల బుట్టలు. బస్తాల మీద గడ్డి, గడ్డి మీద చాప, అదే మా పడక. బండి కింద వేలాడే ఉట్టిలో వంటకుండలు. శృంగవరపుకోటలో సరుకు ఎక్కించుకుని, అనంతగిరి ఘాటు ఎక్కి, అరకు సంతల్లో దింపేవాళ్ళం. బదులుగా పసుపు, పిప్పళ్ళు, చింతపండు నింపుకుని దిగేవాళ్ళం. ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. లోయకి రైలు లేదు. దారి పొడుగునా రాత్రి పడ్డ చోటల్లా బండి విప్పుకుని పడుకోవలసిందే.

ఆ బండి నా పెనిమిటిది. మన్యం జ్వరం తగిలి దిగివచ్చిన మనిషి మళ్ళీ ఎక్కలేదు. పెద్దకర్మ అయిన మర్నాడే మా బావగారు వచ్చి ఎద్దుల పళ్ళు చూడటం మొదలుపెట్టాడు.

"బండి నాకొగ్గెయ్యండి. ఆడోళ్ళిద్దరూ ఘాటెక్కితే ఊరేటంటాది? పైన ఫితూరీ అణిగి ఎన్నాళ్ళయినాదని? పులులు, పోలీసులు, కొండోళ్ళు..." అన్నాడు.

మా అత్త అరుగు మీద కూర్చుని చింతగింజలు కొడుతోంది. తల ఎత్తలేదు.

"ఊరొచ్చి మన పొయ్యిలో కర్రెడతాదేటి? బండి నా కోడలిది. అది తోల్తాది, నాను ఎనకాల నడుత్తాను. ఆ ఎద్దు మూతొగ్గు, సిరాకు పడతంది."

ఎద్దుల్ని కట్టడం నాకు పుట్టింట్లోనే వచ్చు. ఘాటు మీద తోలడం మాత్రం తోలుతూనే నేర్చుకున్నాను. మొదటి ఎక్కుడులో, కలిసి వెళ్ళే శృంగవరపుకోట బళ్ళవాళ్ళు మమ్మల్ని అందరికంటే వెనక పెట్టారు. ముందు బళ్ళు లేపిన దుమ్మంతా మా నోట్లోనే పడింది. మలుపుల దగ్గర ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మా అత్త చక్రం వెనక రాయి పెడుతూ, తీస్తూ, మళ్ళీ పెడుతూ ఘాటంతా ఎక్కింది. పైకి చేరాక వాళ్ళ వైపు చూసి ఏమీ అనకుండా పొగాకు చుట్ట వెలిగించుకుంది. ఆవిడకి అంతకంటే పెద్ద తిట్టు రాదు.

తోలడం నేను నేర్చుకున్నానే కానీ, బండి ఆపడం నేర్పింది ఆవిడే.

"బండాపడం ఎవుడికైనా వొత్తాది. ఆపుకుంటామని అడగడం రావాల" అనేది.

గూడెం కనబడగానే బండిని రోడ్డు మీదే నిలబెట్టించేది. ఎద్దుల్ని విప్పనిచ్చేది కాదు. మెడగంటలు తీయించేది. ముల్లుకర్ర బండిలో పడేసి, వట్టి చేతులతో వెళ్ళి, మొదటి ఇంటి ముందు దూరంగా నిలబడి పిలవాలి. ఎవరో ఒకరు బయటికి వచ్చే దాకా అక్కడే ఉండాలి. ఎక్కడ విప్పుకోమంటారని అడగాలి. చూపించిన చోటు రాళ్ళకుప్ప అయినా సరే, అక్కడే విప్పాలి. ఊట దగ్గర ఎద్దుల్ని కడగకూడదు. మనుషులు ముంచుకునే చోటికి దిగువన నీళ్ళు పట్టాలి. అమ్మవారి తోపులో పుల్ల కూడా విరవకూడదు. పొద్దున్నే పేడ ఎత్తి వాళ్ళ చేలో వెయ్యాలి, పొయ్యి గుంట పూడ్చాలి.

నాకు మొదట్లో ఒళ్ళు మండేది. ఎండలో నిలబడి, ఇల్లిల్లూ చూస్తూ, జాగా ఇమ్మని అడగడం నాకు ముష్టిలా అనిపించేది.

"రోడ్డు పక్కన ఇంత కాళీ ఉంటే అడుక్కోడం ఏటత్తా?"

"అడుక్కోడం యేరు, అడగడం యేరు. అది ఆళ్ళ నేల. నీ వాకిట్లో ఎవుడో బండిప్పేసి పొయ్యెట్టుకుంటే ఊరుకుంటావేటి? పైగా గుంటా, అడిగి పడుకున్నోళ్ళకి పులొచ్చినా ఊరంతా లెగుత్తాది. అడక్కుండా పడుకున్నోడి కేక ఎవుడికినబడాల?"

ఆ మాట నిజమని నాకు తెలిసిన రోజు గురించే ఇదంతా రాస్తున్నాను.

గాలికొండ దాటి లోయలోకి దిగే ముందు రోడ్డుకి కొంచెం ఎత్తున ఒక చిన్న గూడెం ఉండేది. గడ్డి కప్పుల ఇళ్ళు రెండు వరసలు, చివర కళ్ళం, కళ్ళం పక్కన చదునైన జాగా, ఊరి దిగువన చలికాలంలో ఎండిపోయే చిన్న వాగు. అటు రెండు మూడుసార్లు వెళ్ళాక ఊరిపెద్ద అయిన నాయుడి తల్లికీ మా అత్తకీ మాట కలిసింది. ఆవిడ మా అత్త కంటే పెద్దది. మా అత్త ఆవిడని అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేది. ఇద్దరూ ఒకే చుట్ట మార్చి మార్చి కాల్చేవారు. ఒకరి భాష ఒకరికి సగమే తెలిసినా, మాట్లాడటం మాత్రం ఆగేది కాదు.

ఆ సాయంత్రం మిగతా బళ్ళు మమ్మల్ని వదిలి ముందుకి పోయాయి; మేము చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వలిసెలు కోసేసిన చేలల్లో పశువులు మేస్తున్నాయి. చలికాలం; నీడ పడ్డ చోట అప్పుడే ఒళ్ళు వణుకుతోంది. అలవాటు ప్రకారం అడిగాం. నాయుడు వచ్చి కళ్ళం పక్కన జాగా చూపించాడు. బండి తిప్పి నిలబెట్టి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ఎద్దుల్ని నీళ్ళకి తోలుకెళ్ళి వచ్చాను. మా అత్త మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసి, గంటి అంబలి ఎక్కించింది.

అప్పుడు రోడ్డు మీంచి బళ్ళ చప్పుడు వినబడింది. గంటలు తీయలేదు, ఆగలేదు. తిన్నగా గూడెంలోకే వచ్చేశాయి. ముందు గొడుగు పట్టుకుని ఒక మేస్త్రీ నడుస్తున్నాడు. ఘాటు రోడ్డు వెడల్పు చేసే కంట్రాక్టు మనిషి. ఖాకీ కోటు, మోకాళ్ళ దాకా పట్టీలు. అతన్ని చూడగానే నాయుడి ముఖం మాడిపోయింది. రోడ్డు పనికని అంతకు ముందు ఊళ్ళో మగవాళ్ళని తోలుకుపోయింది ఆ మేస్త్రీయే. కోతలు పాడైపోయినా వాళ్ళని ఇళ్ళకి పంపలేదు.

అతని బళ్ళు ఆగీ ఆగగానే ఇద్దరు కూలీలు అమ్మవారి తోపులో కొమ్మలు నరకడం మొదలుపెట్టారు. ఎవరో ముసలాయన వద్దని చేతులు ఊపితే నవ్వారు. మేస్త్రీ మా దగ్గరికి వచ్చి గొడుగు కొనతో మా చక్రం మీద తట్టాడు.

"ఎవుల్దీ బండి? బేగి తీసియ్యండి. మా బళ్ళు ఇక్కడ నిలబెట్టాల."

"మావే ముందొచ్చినాం బావూ. నాయుడు సూపిత్తే ఇప్పుకున్నాం. ఆ పక్క కూడా జాగా ఉంది, నాయుణ్ణి అడగండి, ఇత్తాడు" అంది మా అత్త.

"నాను అడగడం ఏటి? సర్కారు పని."

మా అత్త చూపు అతని మీద లేదు. అతని బళ్ళ వైపు చూస్తోంది. టార్పాలిన్ కింద చిన్న చిన్న పీపాలు. వాటి మధ్య గడ్డి కూరి ఉంది. ఆ బళ్ళు తోలుకొచ్చిన మనుషులు ఎవరూ చుట్ట వెలిగించుకోలేదు. ఆ చలిలో అది నాకు వింతగా అనిపించింది. మా అత్త లేచి వెళ్ళి ఒక బండి దగ్గర వంగి వాసన చూసింది. ఆవిడ పుట్టింటి దగ్గర రాతి క్వారీ ఉండేది. అక్కడ మందు పేలి వాళ్ళ అన్న కుడిచెయ్యి పోయింది. ఆ వాసన ఆవిడకి తెలియనిది కాదు.

వెనక్కి వచ్చి, ఉడుకుతున్న అంబలి కుండ ఎత్తి పొయ్యి మీద కుమ్మరించింది. బుస్సుమని ఆవిరి లేచింది. మా రాత్రి తిండి అదే.

తర్వాత గూడెం వైపు తిరిగి గొంతు చించుకుని అరిచింది. "అప్పా! పొయ్యిలార్పించు! అన్ని పొయ్యిలూ ఆర్పించు! రాళ్ళు పేల్సే మందు తెచ్చినాడీడు!"

నాయుడి తల్లికి ఆ మాట అర్థమైంది. రోడ్డు మీద రాళ్ళు పేలడం ఆ ఊరందరూ చూసినదే. ఒక్కొక్క ఇంట్లోంచీ కుండలు తిరగబడిన చప్పుడు, పొగ, పిల్లల ఏడుపు.

మేస్త్రీకి కోపం వచ్చింది. "ఏటే ముసిలీ, ఊరిని బెదరగొడతన్నావు? దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఏటీ అవదు. ఊరి మద్దినుంటే దొంగల బయం ఉండదు. బండి తియ్యి."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. మా జాగా ఇళ్ళకి ఆనుకుని ఉంది. మేము కదిలితే ఆ పీపాలు గడ్డి కప్పుల పక్కన రాత్రంతా ఉంటాయి. దొంగలెత్తుకుపోకుండా ఊరు కాపలా కాయాలి. పేలితే మాత్రం ఊరు పోవాలి. నాయుడి వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. నోరు తెరిస్తే రేపు పనికి లాక్కుపోయేది అతని తమ్ముళ్ళనే. అతన్ని నేను తప్పుపట్టలేదు, ఇప్పటికీ పట్టను. కానీ నన్ను లాక్కుపోయే పని ఏదీ ఆ మేస్త్రీ దగ్గర లేదు.

"తియ్యం" అన్నాను.

"ఏటన్నావు?"

"ఈ జాగా నాయుడిచ్చినాడు. నాయుడు తియ్యమంటే తీత్తాను. నువ్వు సెప్తే తియ్యను. నీ బళ్ళు వాగవతలెట్టుకో. అక్కడ ఇళ్ళు నేవు."

బండిలోంచి ముల్లుకర్ర తీసి పట్టుకున్నాను. 

మేస్త్రీ తన కూలీలని కేకేశాడు. "నొగలెత్తి లాగీండ్రా. ఆ ముసిల్దాన్ని పక్కకి తొయ్యండి."

మా అత్త అప్పటికే వెళ్ళి చక్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నలుగురు కూలీలు బండి ముందు నొగల దగ్గరికి వస్తున్నారు. ఆవిడని వాళ్ళు ఎత్తి పక్కన పెట్టగలరు. నన్నూ పెట్టగలరు. నాకు ఒక్కటే తోచింది. ఇరుసు చివర చక్రం జారిపోకుండా ఒక ఇనుప చీల ఉంటుంది. ముల్లుకర్ర మొదలుతో కింది నుంచి కొట్టి దాన్ని పైకి లాగాను. అటు పరిగెత్తి రెండోదీ లాగాను. రెండూ రొండిన దోపుకున్నాను.

"అత్తా, లెగు. పక్కకొచ్చీ" అన్నాను.

ఆవిడ నా చేతులకంటిన ఇరుసు కందెన చూసి, లేచి పక్కకి వచ్చింది. కూలీలకి నేనేం చేశానో తెలియదు. రాళ్ళు తన్నేసి, నొగలెత్తి, ఒక్క ఊపున లాగారు. బండి కొంచెం కదిలింది. ఎడమ చక్రం ఊగి, ఇరుసు మీంచి జారి, పక్కకి వాలిపోయింది. ఇరుసు నేలకి కొట్టుకుంది. చక్రం లోపలి ఆకు కర్రల్లో ఒకటి ఫటేలుమని విరిగింది. గూడు ఒక వైపు నలిగిపోయి, లోపలి బస్తా చిరిగి ఉప్పు నేల మీదికి జలజలా కారింది. కూలీలు నొగలు వదిలేసి ఎగిరి దూరంగా పడ్డారు.

నా పెనిమిటి బండి అది.  ఏడవలేదు. మేస్త్రీ ముందు ఏడవదలచుకోలేదు.

"ఇప్పుడు లాగు" అన్నాను.

మేస్త్రీ గొడుగు కొనతో వాలిన చక్రాన్ని పొడిచాడు. "పిచ్చిముండా, నీ బండి నువ్వే ఇరగ్గొట్టుకున్నావు!"

"నా బండి నా ఇష్టం. ఇక్కడే ఉంటాది."

అతను ఇంకేదో అనబోతుండగా నాయుడి తల్లి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఒరిగిపోయిన బండికి ఆనుకుని, ఆ ఉప్పు పక్కనే కూర్చుంది. మా అత్త ఆవిడ పక్కన కూర్చుంది. ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు వచ్చారు. చంకలో పిల్లలున్నవాళ్ళు పిల్లలతోనే వచ్చి కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. ఆ జాగాలో మనిషి నిలబడటానికి కూడా చోటు లేకుండా పోయింది.

అప్పుడు నాయుడు తలెత్తాడు.

"మేస్త్రీ బావూ, ఈ జాగా నానిచ్చినాను. మందు బళ్ళు వాగు దాటించీ. ఎండిన వాగే, బేగి దాటతాయి. కాపలాకి మనుసుల్ని నానిత్తాను. ఇళ్ళకాడ వొద్దు." ఆగి ఇంకో మాట కూడా అన్నాడు. "తోపులో కొమ్మలు కొట్టొద్దని సెప్పు. మా అమ్మోరు తల్లి ఉంటాది అక్కడ."

మేస్త్రీ తన బళ్ళవాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళలో పెద్దాయన ఒకడు అప్పటికే ఎద్దుల పగ్గాలు పట్టుకుని రోడ్డు వైపు తిప్పుతున్నాడు.

"ఏటి సేత్తన్నావురా?"

"అవతలెడతాను బాబూ. పొయ్యిలున్నకాడ పడుకోడానికి మాకూ బయమే. పొద్దున్నించీ సెప్పనేకపోతన్నాం."

బళ్ళు ఒకదాని వెనక ఒకటి వాగు దాటాయి. మేస్త్రీ గొడుగు మూసుకుని వాటి వెనక వెళ్ళాడు. పోతూ పోతూ, "మళ్ళీ ఈ ఘాటెలాగెక్కుతావో సూత్తాను" అన్నాడు నాతో.

"ఎద్దుల్తో ఎక్కుతాను" అన్నాను.

ఆ రాత్రి ఊళ్ళో ఎవరూ నిప్పు రాజెయ్యలేదు. నిప్పు లేకపోతే చిరుతకి భయం ఉండదు. మా ఎద్దుల్ని బయట వదలలేక నిలబడి ఉంటే నాయుడి తమ్ముడు వచ్చి వాటిని తోలుకెళ్ళి తమ పశువుల సాలలో కట్టేశాడు. నాయుడి తల్లి పగటి చల్లంబలి తెచ్చి మా ఇద్దరికీ పోసింది. ఆవిడ గుడిసెలో, ఆవిడ పక్కనే పడుకున్నాం. కొండ ఎక్కడం మొదలుపెట్టాక ఇంటి కప్పు కింద పడుకున్న మొదటి రాత్రి అదే.

తెల్లవారేసరికి ఆడవాళ్ళు ఉప్పు చుట్టూ చేరారు. మట్టితో సహా ఎత్తి, నీళ్ళలో కరిగించి, మట్టి అడుక్కి దిగాక పై నీళ్ళు వంచి కాచారు. అప్పటికి మందు బళ్ళు వాగు అవతల నుంచి వెళ్ళిపోయాయి కాబట్టి పొయ్యిలు మళ్ళీ రాజుకున్నాయి. కుండల అడుగున తెల్లటి ఉప్పు కట్టింది. అది మీరే ఉంచుకోండంటే సగం ఉంచుకుని సగం మా బస్తాలో పోశారు. మగవాళ్ళు ఇద్దరు మద్ది కర్ర చెక్కి చక్రానికి కొత్త ఆకు దిగ్గొట్టారు. పాతవాటితో రంగు కలవలేదు గానీ గట్టిగానే కూర్చుంది.

అంతా బాగానే ముగిసిందని చెప్పను. ఆ పొద్దున్న మేస్త్రీ మనుషులు మళ్ళీ వచ్చి ఊళ్ళోంచి కొందరిని రోడ్డు పనికి తోలుకుపోయారు. అందులో నాయుడి తమ్ముడూ ఉన్నాడు. మా ఎద్దుల్ని కట్టేసిన మనిషే. వాళ్ళని ఆపడానికి నా రొండిన చీలలేవీ లేవు. నాయుడి తల్లి వాళ్ళ వెనక రోడ్డు దాకా నడిచి, కనబడినంతసేపూ నిలబడి, తిరిగి వచ్చి పేడ ఎత్తడం మొదలుపెట్టింది. ఆ పేడ ఎత్తాల్సింది నేను. తట్ట ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను.

మందు బళ్ళు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ఆ గూడెంలో ఆగలేదు. వాగవతలే ఆగేవి.

మేస్త్రీ తన మాటా నిలబెట్టుకున్నాడు. శృంగవరపుకోట బళ్ళవాళ్ళకి రోడ్డు కంట్రాక్టుతో పని ఉండేది, కంకర తోలేవారు. ఆ బండిని మీతో కలుపుకుంటే మీకు కంకర లేదని కబురు పెట్టాడు. తర్వాతి ప్రయాణానికి మేము వెళ్ళి వరసలో నిలబడితే, పెద్ద బండివాడు నా వైపు చూడకుండా మా అత్తతో అన్నాడు.

"ఏటీ అనుకోకు పిన్నీ. పిల్లలు గలోళ్ళం. మీరెనకాల రండి. మేం దాటినాక, బాగా ఎనకాల."

"ఎనకాల రావడం మాకలవాటే నాయనా" అంది మా అత్త.

వెనక కూడా వెళ్ళలేదు. వాళ్ళు బళ్ళు కట్టకముందే మేము కట్టాం. సరుకు సగానికి తగ్గించుకుని, చీకటి విడుతుండగానే ఘాటు మొదలుపెట్టి, ఒంటరిగా ఎక్కాం. మా బావగారికి ఈ కథంతా ఎవరో చేరవేశారట. మేము దిగి ఊళ్ళోకి రాగానే వచ్చి, వంశం పరువు గురించి చాలాసేపు మాట్లాడాడు. నేను ఎద్దులకి గానుగపిండి కలుపుతూ విన్నాను. అయ్యాక, ఆ పక్కనున్న గడ్డిమోపు అందియ్యమన్నాను. అందించాడు.

ఒంటరిగా వెళ్ళినా దారిలో మాకు జాగా దొరకని ఊరు లేదు. అనంతగిరి దిగువన మేము ఎప్పుడూ విప్పని ఊళ్ళో కూడా అడగకముందే ఎవరో ఒకరు ఎదురొచ్చి, చక్రానికి కర్ర చెక్కించుకున్న బండి ఇదేనా అని చూసి, లోపలికి దారి చూపేవారు. అయినా మా అత్త అడగనిదే విప్పనిచ్చేది కాదు. వాళ్ళు ముందు నడుస్తుంటే, వెనకాలే, "ఇక్కడిప్పుకోమంటారా అప్పా?" అని గొంతెత్తి అడిగేది.

ఎండాకాలం వస్తుండగా ఘాటు మీద ఒక మలుపు దగ్గర మేస్త్రీ ఎదురయ్యాడు. మేము నిండు బండితో ఎక్కుతున్నాం. అతను ఖాళీ బండిలో కూర్చుని దిగుతున్నాడు. ఘాటు మీద అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. ఎక్కే నిండు బండికి దిగే ఖాళీ బండి దారి ఇవ్వాలి. ఎక్కే బండి మధ్యలో ఆగితే ఎద్దులు వెనక్కి జారతాయి. నేను పగ్గం బిగించి, ఆపకుండా తోలుతూనే ఉన్నాను. ఒక వైపు కొండ, ఒక వైపు లోయ. అతను పక్కకి తీయకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆగకూడదని మాత్రం తెలుసు.

అతని బండివాడు కొండ వైపు ఆనించి ఆపాడు. ఆపమన్నది అతనో, బండివాడే ఆపాడో చూడలేదు. మా చక్రం వాళ్ళ చక్రానికి బెత్తెడు దూరంలో దాటింది. మేస్త్రీ లోయ వైపు చూస్తూ కూర్చున్నాడు.

వెనక రాయి పట్టుకుని నడుస్తున్న మా అత్త అతని పక్కగా వచ్చినప్పుడు, "దారిచ్చినారు బావూ, సల్లగుండండి" అంది.

వెనక అతని బండి మళ్ళీ దిగడం మొదలుపెట్టింది.

మలుపు తిరిగి ఎద్దులు కుదుటపడ్డాక నేను కోపం ఆపుకోలేకపోయాను. "ఆడికెందుకత్తా ఆ మాట? మన బండి ఇరగ్గొట్టించినోడు."

"దారిచ్చినాడు కాదేటి? ఇచ్చినోడికి సెప్పాల. బండి తియ్యమంటే తియ్యమని ఆ రోజు సెప్పినాం. ఇయ్యాల ఇది సెప్పినాం. రెండూ మనవే సెప్పినాం, ఆడు సెప్పించినాడేటి?" అంది. ఆపైన చక్రం వైపు చూసి, "ఎడం ఇరుసు కూత్తంది. కందెనెయ్యాల. ముందు ఊళ్ళో ఆపు. ఆపేక, ఆళ్ళనడిగి ఇప్పు" అంది.